గాలి / లారీ / చేతులు

వస్తువు పోతే వెతకడానికి ఒక్కో ఇంట్లో ఒక్కో పద్ధతి ఉంటుంది. కొందరు ముందు ఇంటిల్లిపాదినీ తిట్టి, ఆ తర్వాత వెతుకుతారు. కొందరు దేవుడికి కొబ్బరికాయ మొక్కుకుని చల్లగా కూర్చుంటారు. హైమావతి వాళ్లింట్లో మాత్రం పెట్టె తెరవాలి, పెట్టెలోని మూట విప్పాలి, మూటలోని సంచి దులపాలి, సంచిలో ఇంకో చిన్న సంచి ఉంటే దాన్నీ వదలకూడదు. అడుగు కనబడేదాకా పైకి రాకూడదు. ఇది వాళ్ల నాన్న అప్పలసూరి పెట్టిన పద్ధతి. సూది పోయినా ఆయన అలాగే వెతికేవాడు. ఆయన కొడుకు పోయాడు మరి. ఆ కొడుకును వెతకడానికి ఏ పెట్టె తెరవాలో మాత్రం ఆయనకు చివరిదాకా తెలియలేదు.

టెక్కలికి అవతల సముద్రపు ఒడ్డున మడులపేట అని ఉప్పు పండించే ఊరు. హైమకు ఆరేళ్లప్పుడు, తమ్ముడు పోలిబాబుకు ఏడాదిన్నరప్పుడు, తుఫాను వస్తోందని ఊరు ఖాళీ చేయించారు. మనుషుల్ని తీసుకుపోవడానికి దొరికినవి ఉప్పు లారీలే. అప్పలసూరి ఉప్పు కుప్పల మీద తాటాకు కప్పబోయి మడుల్లోనే చిక్కుకుపోయాడు. పిల్లల తల్లి నూకాలమ్మ ఇద్దర్నీ పట్టుకుని గాలికి ఎదురు పరిగెత్తింది. లారీ పైనుంచి ఎవరో హైమను రెక్క పట్టుకుని లాగారు. పిల్లాణ్ని కూడా నూకాలమ్మ పైకి అందించింది. తను ఎక్కబోయేలోగా లారీ కదిలిపోయింది. ఆమె వెనక వచ్చిన ఇంకో లారీ ఎక్కి శిబిరానికి చేరేసరికి హైమ ఒక మూల జ్వరంతో పడి ఉంది. పిల్లాడు లేడు.

ఆ లారీలో డెబ్బై మంది ఎక్కారు. దారిలో ఎవరి ఊళ్ల దగ్గర వాళ్లు దిగిపోయారు. ఎవరిని అడగాలి?

"ఎవులి సేతికిచ్చావే?" అని అప్పలసూరి పెళ్లాన్ని అడిగాడు. పోయేదాకా పన్నెండేళ్లపాటు అదే అడిగాడు. కొట్టి అడిగాడు, కాళ్లు పట్టుకుని అడిగాడు. "నాకు గుర్తు నేదు" అని నూకాలమ్మ పన్నెండేళ్లూ ఒకే జవాబు చెప్పింది. హైమకైతే ఆ రోజు గురించి తడి గోనెసంచుల వాసన తప్ప ఇంకేమీ మిగల్లేదు. నాలుగు రోజుల జ్వరం మిగతాదంతా ఊడ్చుకుపోయింది.

ఆ చేతులు ఎవరివో తెలిస్తే చాలు, మనిషి దొరుకుతాడు. ఇది హైమ నమ్మకం. ముప్ఫై నాలుగేళ్లు వచ్చినా ఆ నమ్మకం ఆవగింజంత కూడా తరగలేదు.

కంప్యూటర్ చదువు చదివి ఆమె విశాఖపట్నంలో కొండవాలు మీదున్న ఒక చిన్న పరిశోధనశాలలో ప్రోగ్రామర్‌గా చేరింది. అక్కడ డాక్టర్ రంగనాయకి అనే ఒంగోలు ఆవిడ పదిహేనేళ్లుగా ఒకే పని మీద ఉంది. మనిషి తలలో జ్ఞాపకాలు ఎలా సర్దుకుని ఉంటాయో చూసే పని. తీగలల్లిన టోపీ తలకు పెట్టి ఎదురుగా తెర చూస్తే అవి ఫోల్డర్లలా కనబడేవి. తేదీల వారీగా ఉంటాయనుకుంటే పొరపాటే. చింతపండులో మేనత్త ఉంటుంది, మేనత్తలో ఒక రైలు, రైల్లో చెంపదెబ్బ, చెంపదెబ్బలో ఎప్పటిదో స్కూలు గంట. ఒక్కోదానికి యంత్రం తనకు తోచిన పేరు పెడుతుంది. చేత్తో ఒక్కొక్కటీ తెరుచుకుంటూ పోతే వెతికేవాడి ఆయుష్షు సరిపోదు.

అందుకని హైమ పైథాన్‌లో పదకొండు లైన్ల స్క్రిప్ట్ రాసింది. ఫోల్డర్ తెరువు. లోపల ఫైలుంటే మనకు కావలసింది అందులో ఉందేమో చూడు. లోపల ఇంకో ఫోల్డరుంటే, దాని దగ్గర ఈ మాటలన్నీ మళ్లీ మొదటి నుంచి చెయ్యి. అంతే. స్క్రిప్ట్ తనను తానే పిలుచుకుంటూ లోపలికి దిగుతుంది. అడుగు తగిలాక ఒక్కో మెట్టే పైకి వస్తుంది.

"ఇది మా నాన్న ప్రోగ్రామే మేడం. నేను టైపు చేశానంతే" అంది హైమ.

మొదటి పరీక్ష కామేశం గారి మీద చేశారు. ఆయన రిటైరైన పోస్ట్‌మాస్టరు. ఒకటో తరగతి పంతులు గారి ముఖం మరిచిపోయానని పదేళ్లుగా బాధపడుతున్నాడు. స్క్రిప్ట్ నాలుగు నిమిషాల్లో ఆ ముఖాన్ని పట్టుకొచ్చింది. ముసలాయన చిన్నపిల్లాడిలా ఏడ్చి, అందరికీ జీడిపప్పు పాకం పంచిపెట్టి వెళ్లాడు. వారం తర్వాత ఫోన్ చేసి, "మా పంతులు గారు నా పెళ్లిక్కూడా వచ్చారమ్మా, నేనే మరిచిపోయాను" అన్నాడు. ఆ పంతులు ఈయన పెళ్లికి తొమ్మిదేళ్ల ముందే పోయాడని వాళ్లావిడ పక్కనుంచి కేకేసింది.

రంగనాయకి నవ్వలేదు. నోట్‌బుక్కులో 'మరక' అని రాసుకుంది.

"మన యంత్రం నకలు తియ్యదు హైమా. అసలుదాన్నే తెరుస్తుంది. తెరిచిన జ్ఞాపకం కాసేపు మెత్తబడుద్ది. ఆ కాసేపట్లో మనం దేన్ని వెతుకుతున్నామో దాని గుర్తు అందులో పడిపోయి, మళ్లీ గట్టిపడుద్ది. ఒక ఫోల్డర్ తెరిస్తే లోపలున్నవి కూడా కొంచెం మెత్తబడతాయి. అందుకని ఒక హద్దు పెట్టు. మూడు అంతస్తులకు మించి దిగొద్దు. ఎక్కడ మొదలెట్టాలో ముందు మనిషిని అడిగి, అక్కడే మొదలెట్టాలి. గోరుతో పోయేదానికి గొడ్డలి ఎత్తొద్దు."

హైమ స్క్రిప్ట్‌లో మూడు అనే అంకె వేసింది. ఆ సాయంత్రం ఇంటికి వెళ్లే బస్సులో కూర్చున్నంతసేపూ వాళ్లమ్మ ముఖమే ఆమె కళ్ల ముందు ఉంది.

పెదవాల్తేరులో వాళ్లది రెండు గదుల అద్దె వాటా. ఇంట్లో అడుగు పెట్టగానే హైమ నోట ఊరి మాట వచ్చేస్తుంది. నూకాలమ్మ చేటలో బియ్యం పోసుకుని రాళ్లు ఏరుతోంది. కొట్లో కొన్న బియ్యంలో రాళ్లు ఉండవని ఎన్నిసార్లు చెప్పినా ఆవిడ ఏరుతూనే ఉంటుంది.

"ఇప్పుడెందుకే అయన్నీ?" అంది సంగతి విని. "మానుతున్న పుండుని గోకినట్టు."

"నీకు తెలుసుకోవాలని నేదేటమ్మా?"

"తెలుసుకుని ఏటి సేస్తావు?"

"బతికుంటే ముప్ఫయ్యేళ్లోడు. ఎక్కడో ఒక కాడ అన్నం తింటూ ఉంటాడు. ఆడికి మనమెవులమో తెలీదు. నాకు ఆ సేతులెవులివో తెలిస్తే సాలు, కాళ్లరిగినా ఎల్లి పట్టుకుంటాను."

నూకాలమ్మ వేళ్లు బియ్యంలో ఆగాయి. "ఆ టోపీ ఎడితే అన్నీ కనబడిపోతాయేటి?"

"కావలసిందొక్కటే. మిగతాయి మేం సూడం."

"మరి నానొద్దంటే?"

హైమకు కళ్లనీళ్లు తిరిగితే లేచి వెళ్లి మొహం కడుక్కుంది. తల్లిని బలవంతపెట్టడానికి అది చాలునని ఆమెకు తెలుసు. తెలిసే లేచింది. ఆ సంగతి ఒప్పుకోవడానికి తర్వాత ఆమెకు చాలా రోజులు పట్టింది.

"సరే, రేపొస్తాను" అంది నూకాలమ్మ వెనకనుంచి. గొంతు మామూలుగానే ఉంది.

టోపీ పెట్టాక పెద్ద కష్టం కాలేదు. తుఫాను గురించి అడగగానే యంత్రం ఒక ఫోల్డర్ వెలిగించింది. దానికి 'గాలి' అని పేరు పెట్టింది. రంగనాయకి వెనక నిలబడి, "అక్కడే మొదలెట్టు" అంది. హైమ వెతకాల్సింది టైపు చేసింది: పైనుంచి పసివాణ్ని అందుకునే చేతులు. రెండు క్షణాలు ఆలోచించి ఇంకో మాట చేర్చింది: పెద్దవాళ్లవి. లారీ నిండా పిల్లలున్నారు, వాళ్ల చేతులన్నీ వచ్చి పడితే ఏరుకోలేక చావాలి. ఏడాదిన్నర పసివాణ్ని గాలివానలో ఎవరైనా పెద్దవాళ్ల చేతికే కదా ఇస్తారు. రంగనాయకి కూడా తల ఊపింది.

స్క్రిప్ట్ దిగింది, వచ్చింది. దొరికినవి: 0.

"లేదంటే లేదనే అనుకోవాలి హైమా" అంది రంగనాయకి భుజం మీద చెయ్యి వేసి. "కొన్ని చెరిగిపోతాయి. అమ్మకు కాఫీ ఇప్పించి ఇంటికి తీసుకెళ్లు. నాకు కింద మీటింగుంది." ఆవిడ వెళ్లిపోయింది. పదకొండు గంటలు కావస్తోంది, గదిలో ఎండ పడుతోంది. నూకాలమ్మ కళ్లు మూసుకుని కుర్చీలో కూర్చుని ఉంది. ఆ ముఖంలో ఏదో నిశ్చింత కనబడింది హైమకు. పోనీలే, దొరకలేదు కదా అన్నట్టున్న నిశ్చింత. అది చూసి ఆమెకు ఒళ్లు మండింది.

ఇరవై ఎనిమిదేళ్లు ఎదురుచూసి, ఒక్క ఫోల్డర్ వెతికి, లేదని లేచిపోవడమా? చింతపండులో రైలున్నప్పుడు, లారీ గాలిలోనే ఉండాలని ఎక్కడుంది? ఏ పండగలోనో, ఏ కూరగిన్నెలోనో పడి ఉండొచ్చు. హైమ మొదలుపెట్టే చోటు మార్చింది. 'గాలి' తీసేసి, అన్నిటికన్నా పైన ఉండే ఫోల్డర్ పెట్టింది. చేతులు ఏ ఫోల్డర్‌లో ఉన్నాయో తెలియనప్పుడు పిల్లాణ్ని వెతకడమే నయం అనుకుని, 'పోలిబాబు, ఒకరి చేతుల్లోంచి ఇంకొకరి చేతుల్లోకి' అని టైపు చేసింది. పెద్దవాళ్లు అన్న మాట చెరిపేసింది. మూడు అనే అంకె దగ్గర కర్సర్ ఒక నిమిషంపాటు మినుకుమంది. తర్వాత దాన్నీ చెరిపేసింది.

స్క్రిప్ట్ నాలుగు గంటలు తిరిగింది. మధ్యలో నూకాలమ్మ చేతులు ఒళ్లోంచి లేచి, గాలిలో ఏదో అందిస్తున్నట్టు ముందుకు వెళ్లి, మళ్లీ ఒళ్లో పడేవి. మొదట్లో పావుగంటకోసారి, తర్వాత నిమిషానికోసారి. పెదాలు కదులుతున్నాయి గానీ మాట రావడం లేదు. ఆపేద్దామని హైమ రెండుసార్లు మీట దాకా చెయ్యి చాచింది. సగంలో ఆపితే ఇంకా ప్రమాదమేమో అని సర్దిచెప్పుకుంది. నిజానికి ఆమెకు ఆపాలని లేదు.

మూడు గంటలకు తెర మీద అంకె పడింది. తెరిచిన ఫైళ్లు లక్షా ఎనభై వేల పైచిలుకు. దొరికినవీ దాదాపు అన్నే.

తప్పు రాశాననుకుంది హైమ. ఒక ఫైలు తెరిచి చూసింది. నూకాలమ్మ ఐదేళ్ల పిల్లగా వాళ్లమ్మ కొంగు పట్టుకుని సంతకు పోతోంది. ఆ ఐదేళ్ల పిల్ల చంకలో పోలిబాబు ఉన్నాడు. సంత మలుపులో ఎవరివో చేతులు చాచి ఉన్నాయి. పిల్ల వాణ్ని ఆ చేతుల్లో పెట్టింది. చేతుల పైన ముఖం లేదు. ఇంకోటి తెరిచింది. నూకాలమ్మ పెళ్లి. పీటల మీద పెళ్లికూతురి ఒళ్లో పోలిబాబు. అక్షింతల మధ్యలోంచి చేతులు. హైమ ఒకదాని తర్వాత ఒకటి తెరుస్తూ పోయింది. మజ్జిగ చిలికే రోజు, పాము కనబడ్డ రోజు, అప్పలసూరి పోయిన రోజు. ప్రతిచోటా పిల్లాడున్నాడు, ప్రతిచోటా చేతులు మారుతున్నాడు. గడ్డివాములో సూది వెతకబోతే గడ్డంతా సూదులైపోయింది.

రంగనాయకి వచ్చి తెర చూసి, హైమను ఒక్క మాట కూడా తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఇంట్లో రోజులు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. నూకాలమ్మకు మతి పోలేదు. వంట చేస్తుంది, పాలవాడితో బేరమాడుతుంది, ఎదురింటావిడతో సీరియల్ సంగతులు మాట్లాడుతుంది. కానీ మనిషన్నాక రోజులో వందసార్లు ఏదో ఒకటి గుర్తొస్తుంది కదా. పులుసులో బెల్లం వేస్తుంటే వాళ్ల మేనత్త గుర్తొస్తుంది. అంతే, గరిటె వదిలేసి, చేతులు రెండూ చాచి నిలబడిపోతుంది. తర్వాత ఖాళీ చేతుల్ని చూసుకుంటుంది. ఏడుపు వస్తుంది. ఒకసారి పోయినవాడు ఇప్పుడు ఆమెకు పూటకు పదిసార్లు పోతున్నాడు.

ఎదురింటావిడ మొదట జాలిపడింది, తర్వాత భూతవైద్యుడి ఫోన్ నంబరు ఇచ్చింది.

"దీన్ని తీసెయ్యొచ్చు" అంది రంగనాయకి పదో రోజున హైమను కూర్చోబెట్టి. ఆవిడ కళ్ల కింద కూడా నల్లటి చారలు పడ్డాయి. "అదే స్క్రిప్ట్. చూడమనే చోట చెరపమని రాయాలి. పిల్లాడు ఎక్కడ కనబడినా తీసేస్తుంది. మళ్లీ పై నుంచి అడుగు దాకా."

"నిజంగా వాడున్న జ్ఞాపకాలు?"

"అవీ పోతాయి. ఏది మరకో, ఏది నిజమో యంత్రానికి తెలియదుగా. మీ అమ్మకు కొడుకు పుట్టిన సంగతే ఉండదు. కానీ ప్రశాంతంగా ఉంటుంది." ఆవిడే మళ్లీ, "ఒక జాగ్రత్త తీసుకో. తెరిచినప్పుడల్లా జ్ఞాపకం మీద ఒక పొర పడుతుందని తెలుసుగా. మన లాగ్‌లో ఆ లెక్క ఉంటుంది. పొరలు బాగా ఎక్కువున్నవాటిని ముందు ఏరి పక్కన పెట్టు. మనిషి వాటి మీద నిలబడి ఉంటుంది. వాటిని చెరిపితే మనిషే కదిలిపోద్ది" అంది.

హైమ మర్నాడు పొద్దున్నే లాగ్ తెరిచి, పొరల లెక్క ప్రకారం వరస పెట్టమంది. మామూలు జ్ఞాపకాలకు పది, ఇరవై ఉన్నాయి. పెళ్లికి మూడు వందలున్నాయి. అప్పలసూరి చావుకు తొమ్మిది వందలున్నాయి. అన్నిటికన్నా పైన ఉన్న ఫైలుకు ముప్ఫై వేల ఆరు వందల పైచిలుకు పొరలున్నాయి. ఇరవై ఎనిమిదేళ్లకు లెక్క వేస్తే రోజుకు మూడుసార్లు.

దాని దారి ఇలా ఉంది: గాలి / లారీ / చేతులు.

మొదటిరోజు వెతికిన ఫోల్డరే. మూడో అంతస్తు, హద్దు లోపలే. స్క్రిప్ట్ ఆరోజే దాని దాకా వెళ్లి, తెరిచి, కాదని వెనక్కి వచ్చింది. మరిచిపోయిన సంగతిని రోజుకు మూడుసార్లు ఎవరు తెరుస్తారు?

హైమకు ఆ ఫైలు తెరవడానికి భయం వేసింది. యంత్రం దాని పక్కన రాసిన నాలుగు మాటలే చదివింది. లక్షా ఎనభై వేల మరకల్లో చేతుల దగ్గర 'ఎవరివో' అని ఉంది. ఇక్కడ అలా లేదు. 'తడి గోనె. డీజిల్. చేతులు రెండు. చిన్నవి.'

ఉప్పు మడుల్లో ఆరేళ్ల ఆడపిల్లలే తల్లులు. అమ్మలు మోకాలి లోతు ఉప్పునీళ్లలో ఉప్పు పోగేసే దంతె లాగుతుంటే, గట్టు మీద తమ్ముళ్లనూ చెల్లెళ్లనూ చంకన వేసుకుని పొద్దంతా మోసేది వాళ్లే. పాలకు తప్ప పిల్లాడు తల్లి దగ్గరికే పోడు. ఒంగోలు డాక్టరమ్మకు అది తెలియదంటే అర్థముంది. ఆ గట్టు మీదే పెరిగిన హైమ, ఏసీ గదిలో కూర్చుని, పసివాణ్ని పెద్దవాళ్ల చేతికే ఇస్తారని టైపు చేసింది. ఆ ఒక్క మాట టైపు చెయ్యకపోయి ఉంటే ఆరోజు రెండు నిమిషాల్లో అయిపోయేది. తల్లి తల ఇలా అయ్యేది కాదు. చంకలో పిల్లాణ్ని పెట్టుకుని ఊరంతా వెతికినట్టు అంటారు. ఆ సామెత విని నవ్వనివాళ్లు ఉండరు. హైమ లాప్‌టాప్ మూసి బ్యాగులో పెట్టుకుని బయల్దేరింది.

ఇంటికి వెళ్లేసరికి మధ్యాహ్నమైంది. నూకాలమ్మ పొయ్యి మీద అన్నం పెట్టి గుమ్మంలో కూర్చుని ఉంది. కూతురి ముఖం చూడగానే ఆమెకు అర్థమైపోయింది. చెంగుతో మొహం తుడుచుకుని పక్కకు జరిగి చోటిచ్చింది.

"సూసేసినావా?" అంది.

"నా సేతికే ఇచ్చినావా అమ్మా?"

"ఇంకెవులికిస్తాను? ఆడు పుట్టిందగ్గర్నించి నీ సంకలోనే కదా పెరిగినాడు. లారీ మీద అంతమంది సేతులు సాసినారు. నాను నిన్నే ఎతుక్కుని నీ ఒళ్లోనే ఎట్టినాను." నూకాలమ్మ వీధిలోకి చూస్తూ చెప్పింది. "శిబిరానికొచ్చి సూస్తే నీ ఒళ్లు కాలిపోతంది. తమ్ముడేడే అన్నాను. నీ కాడే ఉన్నాడు కదమ్మా అన్నావు. అలగన్నాక నానేటి సెయ్యను? నీకు నిజంగానే గుర్తు నేదు. మీ నాన్న ఎవులి సేతికిచ్చావని అడిగితే, ఆరేళ్ల గుంట పేరు సెప్పాలా?"

"నాన్న నిన్ను కొట్టేవాడు."

"ఆయన కొట్టిన దెబ్బ నాలుగు రోజుల్లో మానిపోయీది. నీకు తెలిస్తే మానదు."

 హైమ చేతులు ఆమె ఒళ్లోనే ఉన్నాయి. వాటిని ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"రోజూ గుర్తు సేసుకునీదాన్ని" అంది నూకాలమ్మ. "మాట మాటలో ఎక్కడ నోరు జారతానో అని. ఇది సెప్పకూడదు, ఇది సెప్పకూడదు అని పొద్దున్నోసారి, మద్దేన్నోసారి, రేత్రోసారి. ఇరవయ్యెనిమిదేళ్లు మోసి, ఆఖరికి నీ ఏడుపు సూడలేక ఆ టోపీ కింద తల ఎట్టినాను. తప్పు నాదే."

ఇది విన్నాక ఏ కూతురైనా ఏం చేస్తుందో హైమ అదే చేసింది. తల్లి ఒళ్లో తల పెట్టుకుని వెక్కివెక్కి ఏడ్చింది. తమ్ముడు ఆ లారీలో ఏమయ్యాడో ఇక ఎవరూ చెప్పలేరు. చెప్పగలిగిన ఒక్క మనిషీ హైమే, ఆమెకు గోనెసంచుల వాసన తప్ప ఏమీ తెలియదు. ఎవరైనా జాలిపడి ఎత్తుకున్నారో, గతుకులో జారిపోయాడో. టోపీ ఆమె తలకు పెట్టినా జ్వరం ఊడ్చేసిన చోట ఏ ఫోల్డరూ ఉండదు. ఉందేమో. ఆ ఆలోచన రాగానే జన్మలో ఆ టోపీ ముట్టుకోనని అనుకుంది.

ఏడుపు తగ్గాక చెప్పింది. "అమ్మా, తీసెయ్యొచ్చంట. ఆడి గుర్తులన్నీ. నీకింక ఈ బాధ ఉండదు."

"అన్నీనా?"

"అన్నీ. ఆడు పుట్టినట్టే ఉండదు నీకు. నా సేతికిచ్చిన సంగతి కూడా పోతాది."

ఆ చివరి మాట తన నోటినుంచి ఎందుకు వచ్చిందో హైమకు తెలుసు. ఈ లోకంలో ఆ సంగతి తెలిసిన ఇంకో మనిషి వాళ్లమ్మే. ఆమె కూడా మరిచిపోతే, హైమ ఒక్కర్తే మిగులుతుంది, కావాలంటే తను కూడా మరిచిపోయినట్టు బతకొచ్చు. అలా ఆలోచించినందుకు ఆమెకు సిగ్గేసింది. సిగ్గేసినా ఆశ పోలేదు.

నూకాలమ్మ లేచి పొయ్యి మీద అన్నం ఒకసారి కలిపి, మళ్లీ వచ్చి కూర్చుంది.

"నీ కోసమైతే తీసెయ్. నా కోసమైతే ఒద్దు" అంది చివరికి. "పోతన్నాడు, నిజమే. ఏది తలుసుకున్నా ఆడు పోతన్నాడు. కానీ పోయీ ముందు నా సంకలో ఉంటన్నాడు కదే. మా అమ్మ కాడ ఉన్నప్పుడూ ఉన్నాడు, నా పెళ్లిలోనూ ఉన్నాడు. ఏడాదిన్నరే సూసినాను ఆణ్ని. ఇప్పుడు నాను పుట్టిందగ్గర్నించి సూస్తన్నాను."

హైమ బ్యాగులోంచి లాప్‌టాప్ తీసింది. చెరపడానికి రాసిన స్క్రిప్ట్ అందులో ఉంది, అదీ పదకొండు లైన్లే. దాన్ని తీసేసింది. పాతదాన్ని కూడా తీసేసింది. ఈ సంగతి రంగనాయకికి ఫోన్‌లో చెప్పింది. "టోపీ బీరువాలో పెట్టి తాళం వేశాను, తాళంచెవి నువ్వే ఉంచుకో" అంది ఆవిడ.

వీధిలో ఎవరో పిల్లలు పరిగెత్తారు. దాంతో నూకాలమ్మకు ఏం గుర్తొచ్చిందో, లేచి నిలబడింది. ముఖం మారిపోయింది. చంకలోంచి ఏదో ఎత్తి, రెండు చేతుల్తో పట్టుకుని ముందుకు చాచింది. పది రోజులుగా ఇది చూసినప్పుడల్లా హైమ తల తిప్పుకుని పక్కగదిలోకి పోయేది. ఈసారి పోలేదు. లేచి ఎదురుగా నిలబడి చేతులు చాచింది. గాలి తప్ప ఏమీ లేని చోట, తల్లి చేతుల కింద తన చేతులు పెట్టింది.

"పట్టుకున్నావా?" అంది నూకాలమ్మ.

హైమ తల ఊపింది.

నూకాలమ్మ ఆ చేతుల వంక చూసింది, కూతురి ముఖం వంక చూసింది. తన చేతులు వెనక్కి తీసుకోలేదు. పొయ్యి మీద అన్నం మాడుతున్న వాసన వచ్చింది. ఎదురింటావిడ తలుపు తీసి చూసి మళ్లీ వేసుకుంది. తల్లీకూతుళ్లు ఇద్దరూ పిల్లాణ్ని పట్టుకుని అలాగే నిలబడి ఉన్నారు.